మొదటి మౌంటెన్ బైక్ ఎంచుకోవడం: విజయనగరం, శ్రీకాకుళం దారులకు పనికొచ్చే సమగ్ర మార్గదర్శి

"చిన్నప్పుడు బడికి తొక్కిందే ఆఖరు. ఇప్పుడు ఎమ్‌టీబీ (మౌంటెన్ బైక్) కొందామనుకుంటున్నాను. ఏ కంపెనీది తీసుకోమంటారు?" ముప్పై దాటినవాళ్ల దగ్గర నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. కంపెనీ పేరు ఆఖర్న తేల్చుకోవచ్చు. ముందు తేలాల్సినవి మూడు: ఏ దారిలో తొక్కుతారు, మీ కాలి కొలత ఎంత, పాడైతే ఎవరు బాగుచేస్తారు. ఇవి తెలిశాక దుకాణంలో వరసగా నిలబెట్టిన సైకిళ్లలో చాలామటుకు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

కింది అంకెల వరుసలోనే వెళ్లండి. డబ్బు సంగతి మూడోది. దాన్ని ముందుకు లాగితే "నా డబ్బుకు ఎన్ని గేర్లు వస్తాయి" అనే బేరంలో పడిపోతాం.

## 1. దారి తేల్చుకోండి

వచ్చే ఆరు నెలల్లో నిజంగా ఎక్కడ తొక్కుతారో కాగితం మీద రాయండి. ఎక్కడ తొక్కాలని కలగంటున్నారో అది వేరే కాగితం.

తారు రోడ్లు ఎక్కువ, అప్పుడప్పుడు మట్టి. విజయనగరం నుంచి రామతీర్థం, శ్రీకాకుళం నుంచి అరసవల్లి, శ్రీకూర్మం లాంటివి. ఇంతవరకే అయితే మీకు మౌంటెన్ బైక్ అక్కర్లేదు. రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ బైక్‌కూ మధ్యరకమైన హైబ్రిడ్ సైకిల్ తేలిగ్గా పోతుంది, ధర కూడా తక్కువ. లావు టైర్లు, ముందు స్ప్రింగు తారు రోడ్డు మీద ఊరికే మోసుకెళ్లే బరువు.

కాలువ గట్లు, గరప రోడ్లు, తోటల మధ్య బాటలు. గొట్టా బ్యారేజి నుంచి వచ్చే వంశధార కాలువ గట్లు, తోటపల్లి కాలువ వెంట దారులు, తాటిపూడి చుట్టుపక్కల ఎర్రమట్టి బాటలు ఈ కోవలోవి. ఇక్కడ మౌంటెన్ బైక్ అసలైన సుఖం ఇస్తుంది. ఈ మార్గదర్శి ముఖ్యంగా మీకోసమే.

ఇసుక. ఉద్దానంలో కవిటి, సోంపేట కొబ్బరి తోటలు, తీరం వెంట సరుగుడు తోటలు. ఇక్కడ సస్పెన్షన్ కన్నా టైరు వెడల్పు ముఖ్యం. ఫ్రేములో 2.4 అంగుళాల టైరు పట్టే చోటుందా లేదా అడగండి.

ఘాట్ రోడ్డు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు, సాలూరు నుంచి ఒడిశా వైపు. రోడ్డు తారుదే, కానీ ఎక్కడానికి చిన్న గేరు, దిగడానికి నమ్మకమైన బ్రేకులు కావాలి. ఈ రెండిట్లో దేనికి కక్కుర్తి పడినా దారి మధ్యలో తెలిసొస్తుంది.

రాళ్ల మీంచి దూకడం, ఎగరడం లాంటివి మొదటి ఏడాది లెక్కలోకి తీసుకోకండి.

ఫ్రేము మీది స్టిక్కరు గానీ మాన్యువల్ గానీ చూస్తే చాలా కంపెనీలు ఒక కేటగిరీ అంకె ఇస్తాయి. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం 1 అంటే తారు రోడ్డు మాత్రమే. 2 అంటే మట్టి, గరప రోడ్లు, 15 సెంటీమీటర్ల లోపు ఎత్తు నుంచి దిగడాలు. 3 అంటే గతుకుల కొండబాటలు, 61 సెంటీమీటర్ల దాకా దూకుళ్లు. కాలువ గట్లకు 2 చాలు. చూడ్డానికి కొండలు పిండికొట్టేలా ఉండి, మాన్యువల్లో "మట్టి దారుల్లో వాడరాదు" అని రాసిపెట్టిన సైకిళ్లు కూడా అమ్ముతున్నారు. అది చదివాకే డబ్బు తీయండి.

## 2. కొలతలు ఇంట్లోనే తీసుకోండి

సైజు తప్పితే ఎంత ఖరీదైన సైకిలైనా రెండు నెలల్లో మేడ మెట్ల కింద చేరుతుంది. కొన్నాక మార్చలేనిది ఫ్రేము సైజు ఒక్కటే. మిగతావన్నీ తర్వాత మార్చుకోవచ్చు.

కాలి కొలత ఇలా తీయాలి. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాలు ఒక జానెడు ఎడంగా పెట్టి నిలబడండి. గట్టి అట్టున్న పుస్తకాన్ని కాళ్ల మధ్య నిలువుగా పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు గోడకు తగిలిన చోట ఇంకొకరి చేత గీత గీయించండి. గీత నుంచి నేల దాకా టేపుతో కొలవండి. మూడుసార్లు చేసి మధ్య అంకె తీసుకోండి.

ఉదాహరణకు అది 78 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. దాంతో రెండు పనులు జరుగుతాయి.

- సైకిల్ పై గొట్టం మీకు కనీసం 5 సెంటీమీటర్లు కిందుండాలి. అంటే కంపెనీ చార్టులో "స్టాండోవర్" 73 సెంటీమీటర్లకు మించకూడదు. (బూట్ల మందం మీకు అదనపు లాభం, లెక్కలో కలపకండి.)
- సీటు ఎత్తుకు 78ని 0.883తో గుణిస్తే దాదాపు 69 సెంటీమీటర్లు. పెడల్ కాడలు రెండూ తిరిగే నడిమి ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పై భాగం దాకా ఇది మొదటి అంచనా. తర్వాత ఒక సెంటీమీటరు అటూ ఇటూ జరుపుకోవచ్చు.

ఎత్తును బట్టి ఫ్రేము సైజు స్థూలంగా ఇలా ఉంటుంది:

- 155–165 సెం.మీ.: స్మాల్ (15–16 అంగుళాలు)
- 165–175 సెం.మీ.: మీడియం (17–18)
- 175–185 సెం.మీ.: లార్జ్ (19–20)

కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది కాబట్టి ఆ మోడల్ చార్టే ఆఖరి మాట. రెండు సైజుల మధ్య పడితే గతుకుల దారికి చిన్నది, దూరాలు వెళ్లడానికి పెద్దది.

ఇక్కడ చాలామంది గజిబిజి పడేది చక్రం సైజు దగ్గర. 26, 27.5, 29 అనేవి చక్రం కొలతలు, ఫ్రేము కొలతలు కావు. "పెద్దవాళ్లకు 29 సార్" అని ఎవరైనా అంటే "ఫ్రేము ఎంత?" అని అడగండి. ధర తక్కువ మోడళ్లు చాలావరకు ఒకే ఫ్రేము సైజులో వస్తాయి. 155 లోపు ఎత్తున్న ఆడవాళ్లకు ఇదే పెద్ద చిక్కు. వాళ్లు 27.5 చక్రంతో చిన్న ఫ్రేము దొరికేదాకా ఆగడమే మంచిది. మిగతావాళ్లు 29 తీసుకోవచ్చు, గోతుల మీంచి సాఫీగా దొర్లుతుంది.

## 3. డబ్బును రెండుగా విడదీయండి

మొత్తంలో 5 వేలు ముందే పక్కన పెట్టండి. సైకిల్ ఇంటికి రాగానే కావలసినవి ఇవి:

- తలకు సరిపోయే సైకిల్ హెల్మెట్ (నుదుటి చుట్టూ టేపుతో కొలిచి కొనండి, మోటార్‌సైకిల్ హెల్మెట్‌తో మన ఉక్కపోతలో పావుగంట కూడా తొక్కలేరు)
- చేతి పంపు, రెండు ట్యూబులు, టైరు తీసే ప్లాస్టిక్ పలకలు
- అలెన్ కీల సెట్
- ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు
- తాళం

మిగిలిన డబ్బుకు ఏమొస్తుందో స్థూలంగా చెబుతాను. 15 వేల లోపు దొరికేవి తారు, మట్టి రోడ్లకు పనికొస్తాయి, కొండకు కాదు. 25 నుంచి 35 వేల మధ్య హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నడిచే) బ్రేకులు, మంచి వెనక హబ్బు (చక్రం నడిమి భాగం) ఉన్నవి మొదలవుతాయి. 50 వేలు దాటితే గాలితో పనిచేసే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల భాగం), ముందు ఒకే పళ్లచక్రం ఉండే గేర్లు వస్తాయి. మొదటి సైకిల్‌కు మధ్య మెట్టు చాలు. పై మెట్టుకు అప్పు చేయకండి.

## 4. రకం: ముందు మాత్రమే సస్పెన్షన్

దీన్ని హార్డ్‌టెయిల్ అంటారు. వెనక స్ప్రింగు ఉండదు. మొదటిసారి కొనేవాళ్లకు నా సలహా ఇదే, ఇందులో ఊగిసలాట లేదు.

డబుల్ సస్పెన్షన్ మంచిది కావాలంటే లక్షల్లో ఉంటుంది. పన్నెండు, పదిహేను వేలకు దొరికే వెనక స్ప్రింగు పెడల్ తొక్కిన ప్రతిసారీ కిందికీ పైకీ ఊగి మీ బలం తినేస్తుంది. రెండు వానాకాలాలు తిరక్కుండానే దాని బుష్‌లు లూజై, కిర్రుకిర్రుమంటూ ఊరంతటికీ మీ రాక చెబుతుంది.

బడ్జెట్ 15 వేల లోపే అయితే అసలు సస్పెన్షన్ లేని, గట్టి ఫోర్కు ఉన్నదాన్ని ధైర్యంగా తీసుకోండి. బరువు తగ్గుతుంది, పాడయ్యే వస్తువు ఒకటి తగ్గుతుంది, లావు టైరులో గాలి కాస్త తగ్గిస్తే ఆ టైరే సస్పెన్షన్ పని చేస్తుంది. ఫ్రేము అల్యూమినియమా, ఉక్కా అనే వాదన ఇప్పుడొద్దు. తీరానికి దగ్గరగా ఉంటే ఉప్పుగాలికి అల్యూమినియం మెరుగు, అంతే.

## 5. విడిభాగాలు చూడాల్సిన వరుస

దుకాణంలో మాట ఇలా మొదలవుతుంది: "గేర్లు 21 ఉన్నాయి బాబూ, ముందూ వెనకా డిస్కులే, ఇంకేటి కావాల?" మీరు మొదట అడగాల్సింది గేర్ల గురించి కాదు.

వెనక హబ్బు. "వెనకది ఫ్రీవీలా, క్యాసెట్టా?" అని అడగండి. ఫ్రీవీల్ అంటే పళ్లచక్రాల గుత్తి మొత్తం హబ్బుకు మర తిప్పి బిగించి ఉంటుంది. అందులో కుడివైపు బేరింగు లోపలికి పోతుంది, ఇరుసు చివర చాలా దూరం ఆధారం లేకుండా నిలబడుతుంది. బరువైన మనిషి గతుకుల్లో తొక్కితే ఆ ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. క్యాసెట్టులో బేరింగు చివరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ బెడద తక్కువ.

అమ్మేవాళ్లకు తెలియకపోతే మీరే చూడొచ్చు. వెనక చక్రం కుడివైపున వంగి, పళ్లచక్రాల గుత్తి నడుమ ఇరుసు చుట్టూ పనిముట్టు దిగే గాళ్లున్న చిన్న రింగును చూడండి. పళ్లచక్రాలను చేత్తో వెనక్కి తిప్పండి. ఆ రింగు కూడా వాటితోపాటే తిరిగితే క్యాసెట్టు. అది కదలకుండా ఉండి పళ్లు మాత్రమే తిరిగితే ఫ్రీవీల్. వెనక 7 ఉన్నవి ఎక్కువగా ఫ్రీవీళ్లే, 9 అంతకు పైన సాధారణంగా క్యాసెట్లు. 80 కిలోలు దాటినవాళ్లు క్యాసెట్టు కోసం ఇంకో మూడు వేలు ఎక్కువైనా పెట్టండి.

బ్రేకులు. మూడు రకాలు. రిమ్ముకు రబ్బరు పట్టే వి-బ్రేకు ఎండలో బాగానే ఆపుతుంది, బురదలో జారుతుంది. తీగతో నడిచే డిస్కు బురదలో మేలు, కానీ తరచూ సర్దుకోవాలి. నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ డిస్కు ఒక్క వేలితో ఆపుతుంది. అనంతగిరి దిగేవాళ్లకు ఇదే సరైనది. చౌకరకం తీగ డిస్కు కన్నా మంచి వి-బ్రేకే నయమని నా అభిప్రాయం.

హైడ్రాలిక్ తీసుకునేముందు ఒక్క మాట కనుక్కోండి: బ్రేకు నూనె మార్చి గాలి తీసే పని ఈ దుకాణంలో చేస్తారా, విశాఖ తీసుకెళ్లాలా? షిమనో బ్రేకులకు మినరల్ ఆయిల్ వాడాలి. మోటార్‌సైకిల్ డాట్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. "ఏదో ఒక ఆయిలే కదా" అనే చేతికి మాత్రం సైకిల్ ఇవ్వకండి.

గేర్లు. సంఖ్య వదిలేసి భాగహారం చేయండి. ముందున్న అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం పళ్లను, వెనకున్న అన్నిటికన్నా పెద్దదాని పళ్లతో భాగించాలి. అంకెలు సాధారణంగా వాటి మీదే కొట్టి ఉంటాయి, లేకపోతే లెక్కపెట్టండి.

- 24, 28 అయితే 0.86
- 32, 46 అయితే 0.70
- 22, 34 అయితే 0.65

29 చక్రమైతే 0.86తో పెడల్ ఒక చుట్టుకు బండి దాదాపు 2 మీటర్లు కదలాలి, 0.65తో మీటరున్నర. నిటారు ఎక్కుడులో ఈ అర మీటరే మోకాళ్లను కాపాడుతుంది. చదును నేలకు ఏదైనా సరే, ఘాట్ ఎక్కాలంటే 0.75 లోపు చూడండి. 21 గేర్ల సైకిల్‌కు 0.86, 10 గేర్ల సైకిల్‌కు 0.70 ఉండటం మామూలే. అందుకే గేర్ల సంఖ్య చూసి మోసపోవద్దనేది.

ఫోర్కు. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువంతా వేసి నొక్కి వదలండి. మెత్తగా దిగి, నెమ్మదిగా పైకి రావాలి. తన్నినట్టు ఎగిరొస్తే లోపల స్ప్రింగు తప్ప దాన్ని అదుపు చేసేదేమీ లేదన్నమాట. 100 మిల్లీమీటర్ల మేర దిగి లేచేది మన దారులకు చాలు. తారు రోడ్డు మీద బిగించేందుకు లాకవుట్ ఉంటే మంచిది.

టైర్లు, ట్యూబులు. 2.1 నుంచి 2.25 అంగుళాల వెడల్పు సరిపోతుంది. మన గట్ల మీద తుమ్మముళ్లు, పల్లేరుకాయలు ఎటూ తప్పవు, పంక్చర్ ఎలాగూ అవుతుంది. కాబట్టి ట్యూబు వాల్వు ఏ రకమో చూడండి. మోటార్‌సైకిల్‌కు ఉండే లావు వాల్వు అయితే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొడతారు. సన్నటి ప్రెస్టా వాల్వు అయితే చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉండాలి. 27.5, 29 ట్యూబులు మండల కేంద్రాల్లో దొరక్కపోవచ్చు. అందుకే రెండు ట్యూబులు ముందే కొనమన్నది.

## 6. దుకాణంలో అరగంట: నడిపి చూడటం

ఎండ ముదరకముందే, రద్దీ లేని రోజున వెళ్లండి. తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతోనే వెళ్లండి. వెంట ఒకరిని తీసుకెళ్లండి, మీరు తొక్కుతుంటే పక్క నుంచి చూడటానికి.

ఎక్కకముందు:

- సైకిల్ పై గొట్టం మీద కాళ్లు రెండు వైపులా వేసి నిలబడండి. 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.
- ముందు డిస్కు, దాన్ని పట్టి ఆపే క్యాలిపర్ కూర్చున్నవారి ఎడమవైపు ఉండాలి. కుడివైపున, ముందుకు తిరిగి ఉంటే ఫోర్కు తిరగేసి బిగించారు. ఇది అరుదైన తప్పేమీ కాదు.
- ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ కుదపండి. హ్యాండిల్ కింద బేరింగు దగ్గర వేలు ఆనించి ఉంచండి. టక్కుటక్కుమని వేలికి తెలిస్తే అక్కడ లూజు ఉంది.
- చక్రాలు ఎత్తి తిప్పండి. క్యాలిపర్‌కూ డిస్కుకూ మధ్య సందు సమానంగా ఉండాలి. రిమ్ము అటూ ఇటూ ఊగితే బెండు తీయించాలి.
- పెడల్ కాడను పట్టుకుని పక్కలకు లాగండి. కదలకూడదు.

సీటు సర్దాక: మడమను పెడల్ మీద పెట్టి, పెడల్‌ను అడుగుకు తెస్తే మోకాలు తిన్నగా చాచుకోవాలి. పాదం ముందు భాగం పెడల్ మీద పెట్టినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. ఇలా సర్దితే కూర్చుని రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనవు. కొత్తవాళ్లకు ఇక్కడ టెన్షన్ వస్తుంది, సీటు దింపమంటారు. దింపకండి. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగి నిలబడటం రెండు రోజుల్లో అలవాటవుతుంది.

తొక్కుతూ: అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా పైకీ కిందికీ మార్చండి. చైను జారడం, రెండు సార్లు నొక్కితే గానీ మారకపోవడం ఉంటే అక్కడే సరిచేయించండి. మోచేతులు కొంచెం వంగి ఉన్నాయా, భుజాలు చెవుల దాకా లేచాయా అని మీ వెంట వచ్చినవారిని అడగండి. చేతులు చాచి అందుకోవాల్సి వస్తుంటే ఫ్రేము పెద్దది. మలుపులో మోకాలు హ్యాండిల్‌కు తగులుతుంటే చిన్నది. కుడి లీవరు ముందు బ్రేకా, వెనక బ్రేకా అనేది రోడ్డెక్కకముందే చూసుకోండి, అన్ని సైకిళ్లకూ ఒకేలా ఉండదు.

ఆఖర్న, వీలైతే దుకాణం పక్కనున్న మట్టి స్థలంలో రెండు చుట్లు. నున్నటి రోడ్డు మీద ప్రతి సైకిలూ బాగానే ఉంటుంది.

నడిపి చూడనివ్వకపోతే ఇంకో దుకాణానికి వెళ్లండి. మొహమాటం అక్కర్లేదు, డబ్బు మీది.

## 7. ఆన్‌లైన్‌లో కొంటే

డబ్బాలో 85 శాతం బిగించి వస్తుందని రాస్తారు. మిగిలిన ఆ కొంచెంలోనే ప్రమాదం ఉంది. హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు, బ్రేకు సర్దుబాటు అన్నీ అందులోవే.

ఎడమ పెడల్‌కు మర తిరగబడి ఉంటుంది, అంటే గడియారం ముల్లుకు ఎదురు తిప్పితే బిగుస్తుంది. పెడళ్ల మీద ఎల్, ఆర్ అక్షరాలు ఉంటాయి. అవి చూడకుండా రెంచితో బలవంతంగా తిప్పితే కాడలోని మర చెడుతుంది, కాడే మార్చాలి. మొదట వేళ్లతోనే మూడు చుట్లు సులువుగా పోవాలి, తర్వాతే రెంచి.

హైడ్రాలిక్ బ్రేకు ఉంటే ముందు చక్రం పెట్టేదాకా ఆ లీవరు నొక్కకండి. నొక్కితే ప్యాడ్లు మూసుకుపోయి డిస్కు దూరదు. మధ్యలో పెట్టి పంపిన ప్లాస్టిక్ ముక్క అందుకే, దాచుకోండి.

## 8. పాతది కొంటే

విశాఖలో వాడినవి బాగానే అమ్మకానికి వస్తుంటాయి. ఉత్సాహంగా కొని మూలన పెట్టినవే ఎక్కువ, కాబట్టి మంచి బేరాలు దొరుకుతాయి. అయితే:

- ఫ్రేము అతుకుల దగ్గర, ముఖ్యంగా హ్యాండిల్ వెనక కింది గొట్టం అడుగున, రంగు పగిలి సన్నటి గీత ఉందేమో గుడ్డతో తుడిచి చూడండి. ఉంటే వదిలేయండి, ధర ఎంతైనా సరే.
- ఫోర్కు పై మెరిసే గొట్టాల మీద తుప్పు చుక్కలుంటే సీళ్లు పోయినట్టే.
- వెనక గేరు మార్చే చేయి చక్రానికి సమాంతరంగా ఉందా? లోపలికి వంగి ఉంటే దాన్ని పట్టే హ్యాంగర్ వంగింది. ఆ మోడల్ హ్యాంగర్ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.
- పాత బిల్లు తీసుకుని, ఫ్రేము నంబరు దానితో సరిపోయిందా చూసుకోండి.

## 9. బిల్లు, మొదటి నెల

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ అంకె చూడండి. ఫ్రేము నంబరు బిల్లు మీద రాయించండి. మొదటి సర్వీసు ఉచితమా అని అడిగి, అవునంటే అది కూడా రాయించండి.

కొత్త డిస్కు బ్రేకులు మొదటి రోజు సరిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద ఒక మోస్తరు వేగంతో వెళ్లి, పూర్తిగా ఆగకుండా నడక వేగానికి తగ్గేలా బ్రేకు వేయండి. ముందు, వెనక విడివిడిగా ఇలా ఓ ఇరవై సార్లు చేస్తే పట్టు వస్తుంది. ఇది చేయకుండా ఘాట్ దిగకండి.

గాలి: 70 కిలోల మనిషికి 2.2 అంగుళాల టైరులో మట్టి దారికి సుమారు 30 పీఎస్‌ఐ, తారుకు 40 దగ్గర. టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటకూడదు. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొట్టిస్తే "గట్టిగా కొట్టేశాను బాబూ" అంటూ రాయిలా చేసి ఇస్తారు. ఇంటికొచ్చి మీరే తగ్గించుకోండి.

మొదటి కొన్ని వారాల్లో కొత్త తీగలు సాగుతాయి, చక్రం పుల్లలు సర్దుకుంటాయి. గేర్లు తడబడటం, చక్రం స్వల్పంగా ఊగడం అప్పుడే మొదలవుతుంది. మొదటి సర్వీసు ఎగ్గొట్టకూడనిది అందుకే. తీరం వైపు తొక్కి వస్తే, చింతపల్లి గానీ కళింగపట్నం గానీ, ఆ రోజే తడిగుడ్డతో తుడిచి చైనుకు సైకిల్ చైను నూనె వేయండి.

## 10. మొదటి నెలలో వచ్చే ఇబ్బందులు, సరిదిద్దుకోవడం

మోకాలి ముందు నొప్పి. సీటు కిందికి ఉంది లేదా పెద్ద గేరులో బలంగా తొక్కుతున్నారు. సీటు అర సెంటీమీటరు పైకి లేపండి, ఒక గేరు తగ్గించి కాళ్లు వేగంగా తిప్పండి. మోకాలి వెనక నొప్పి అయితే సీటు కాస్త దింపండి.

అరచేతులు తిమ్మిరెక్కడం. సీటు ముక్కు కిందికి వంగి ఉండవచ్చు, దాన్ని నేలకు సమాంతరం చేయండి. బ్రేకు లీవర్లు కొంచెం కిందికి తిప్పండి, మణికట్టు తిన్నగా ఉండాలి.

పిరుదుల నొప్పి. మొదటి రెండు వారాలు అందరికీ ఉంటుంది. వెంటనే స్పాంజి కవరు కొనకండి, అది ఎక్కువ దూరంలో ఒరిపిడి పెంచుతుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ మేలు.

డిస్కు కీచుమనడం, పట్టకపోవడం. నూటికి తొంభై పాళ్లు నూనె అంటుకుని ఉంటుంది. చైనుకు నూనె వేసేటప్పుడు చిందే అలవాటు దుకాణాల్లోనూ ఉంది. డిస్కును శానిటైజరులా వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రమైన గుడ్డ పెట్టి తుడవండి. ప్యాడ్లు నూనె పీల్చుకుంటే మార్చడమే దారి. కిరోసిన్‌తో కడగడం మాత్రం వద్దు.

ఎక్కుడులో చైను పడిపోవడం. బలంగా తొక్కుతూ గేరు మార్చడం వల్ల. ఎక్కుడు మొదలవకముందే చిన్న గేరుకు రండి, మార్చే క్షణంలో పెడల్ మీద ఒత్తిడి తగ్గించండి. అయినా పడుతుంటే హ్యాంగర్ వంగిందేమో చూపించండి.

వెనక చక్రం దగ్గర టకటక, చక్రం పక్కకు ఊగడం. ఫ్రీవీల్ హబ్బు అయితే ఇరుసు వంగి ఉండొచ్చు. చక్రం తీసి, ఇరుసును వేళ్లతో తిప్పి చూడండి. దాని చివర గుండ్రంగా కాకుండా ఊగుతూ తిరిగితే తొక్కడం ఆపి, ఇరుసు మార్పించండి. మార్పించిన ఇరుసూ త్వరలోనే వంగితే మళ్లీ అదే వేయించకండి, క్యాసెట్ హబ్బుతో వెనక చక్రం కట్టించుకోండి. కొనేముందు పాత గేరు మీటకు కొత్త క్యాసెట్ కుదురుతుందో లేదో మెకానిక్‌ను అడగండి, లేకపోతే మీట, గేరు మార్చే చేయి కూడా మార్చాల్సి వస్తుంది.